సబ్బక్క దుప్పటి

కుక్క మీద నాలుగు చెంబుల నీళ్ళు గుమ్మరించడం ఎవరికైనా చేతనవుతుంది. ఆ తడి కుక్క ఇల్లంతా నీళ్ళు విదిలిస్తూ పరుగులు తీయకుండా, దాన్ని ఒకచోట కిక్కురుమనకుండా పడుకోబెట్టడం మాత్రం ఆ చుట్టుపక్కల నాలుగు వీధుల్లోనూ ఒక్క సబ్బక్కకే చేతనయ్యేది. ఆమెకూ ఒక అసలు పేరుంది. పిలిచేవాళ్ళు లేక అది మూలన పడింది. వీధి మలుపు దగ్గరకు ముందు సబ్బు వాసన వచ్చేది, ఆ తరువాత ఆమె వచ్చేది. ఎవరో సరదాకి సబ్బక్క అన్నారు, అదే స్థిరపడిపోయింది.

కుక్కల స్నానాలకు రాకముందు ఆమె ఇరవై రెండేళ్ళు ఆసుపత్రి బట్టలుతికే గదిలో పనిచేసింది. దుప్పట్లు, దిండు గలీబులు, డాక్టర్ల కోట్లు, అన్నీ సలసల కాగే నీళ్ళలో ఉడకబెట్టి తీసేది. గుడ్డను ఎంతసేపు ఉడకబెడితే అందులో పురుగూ పుట్రా చస్తాయో ఆమెకు గడియారం చూడకుండానే తెలిసేది. కొన్నాళ్ళకు పెద్ద యంత్రాలు వచ్చాయి, మనుషుల్ని పొమ్మన్నారు. వెళ్ళేరోజున ఒక డాక్టరమ్మ, "మా కుక్కకి స్నానం చేయించడం మా వల్ల కావట్లేదు, నువ్వొచ్చి చూస్తావా?" అని అడిగింది. సబ్బక్క చూసింది. చూసి, పదకొండేళ్ళుగా అదే పనిలో ఉంది.

ఆమె దగ్గర ఒక రహస్యం ఉండేది. ఆసుపత్రిలో పనికిరాదని పక్కన పడేసిన బూడిదరంగు ఉన్ని దుప్పటి అది. ఏ ఇంటికి వెళ్ళినా ముందు దాన్ని పెరట్లో పరిచేది. స్నానం కాగానే కుక్కను దాని మీదికి తెచ్చేది. ఎంత గింజుకునే కుక్కయినా ఆ దుప్పటి మీద కాలు పెట్టగానే ముక్కు నేలకు ఆనించి, ఆ మూలనుంచి ఈ మూలదాకా వాసన చూసి, చూసి, చివరికి చతికిలబడిపోయేది. దాని మీద అంతకుముందు పడుకున్న యాభై కుక్కల వాసనా ఉండేది మరి. అందుకే సబ్బక్క దాన్ని ఎన్నడూ ఉతకలేదు. నీళ్ళు తగిలితే వాసన పోతుందని భయం. దులపడం, మడవడం, సంచిలో పెట్టుకోవడం, అంతే. అయ్యో, బట్టలుడకబెట్టి బతికిన మనిషే! కానీ పనిలో పేరు తెచ్చిపెట్టినదాన్ని ఎవరు అనుమానిస్తారు చెప్పండి?

ఆమెకు ఇంకో విద్య కూడా ఉండేది. కుక్క ఒంటిమీద వెంట్రుకల్లో దూరి రక్తం తాగే పురుగుకు ఒక్కొక్కరు ఒక్కో పేరు చెబుతారు. సబ్బక్క దాన్ని గెంతుడు పురుగు అనేది. పేనులా పాకదు, వేలు పెట్టేలోపు చెంగున గెంతి మాయమవుతుంది. పురుగు కనబడకపోయినా అది ఉందో లేదో తేల్చడానికి ఆమె కుక్క నడుం దగ్గర సన్నపళ్ళ దువ్వెనతో దువ్వి, రాలిన నల్లటి పొడిని తడిపిన తెల్లగుడ్డ మీద వేసేది. మట్టి అయితే మట్టిలాగే ఉంటుంది. పురుగు విసర్జించినదైతే చుట్టూ ఎర్రగా తుప్పురంగు దిగుతుంది. "చూశారా, ఇది మీ కుక్క నెత్తురే!" అని ఆ గుడ్డను ఇంటిల్లిపాదికీ తిప్పి చూపించేది. ఆ మాట అనేటప్పుడు ఆమె ముఖం వెలిగిపోయేది. ఎందుకు దాచాలి, ఆ క్షణం కోసమే ఆమె బతికేది అన్నా తప్పులేదు.

రిటైరైన టీచరుగారింట్లో ఒక బొచ్చుకుక్క ఉండేది. తిని పడుకోవడం తప్ప ఇంకో పని ఎరగదు కాబట్టి దాన్ని అందరూ దొరగారు అనేవాళ్ళు. సబ్బక్క నెలకు రెండుసార్లు వెళ్ళేది. ఆ ఇంట్లో వంటామె ఒకామె ఉండేది. ముప్ఫై దాటినా చిన్నపిల్లలా నవ్వే మనిషి. సబ్బక్క పని ముగించేసరికి టీ పెట్టి తెచ్చేది. "నీ నడుం పట్టేసి ఉంటుంది, నువ్వు కూర్చో అక్కా" అని తడి బక్కెట్లు తనే ఎత్తేది, ఆ దుప్పటి తనే మడిచి సంచిలో పెట్టేది. ఇద్దరూ పెరటి మెట్ల మీద కూర్చుని టీ తాగుతూ టీచరుగారు కుక్కకు కూడా ఎక్కాలు చెబుతుందని నవ్వుకునేవాళ్ళు.

ఒకసారి దొరగారు నిద్ర మానేసి గోక్కోవడం మొదలుపెట్టాడు. తోక మొదట్లో జుట్టంతా ఊడింది. చర్మం కందిపోయి, అక్కడక్కడా పుండ్లు పడ్డాయి. పళ్ళతో తన నడుం తనే కొరుక్కుంటున్నాడు. సబ్బక్క వెళ్ళి తన దుప్పటి మీద పడుకోబెట్టి దువ్వింది. గుడ్డ మీద ఎర్రగా దిగింది. టీచరుగారు కుర్చీలో కూలబడింది.

"వీడు గడప దాటడు కదే! మరి ఎక్కడినుంచి వచ్చాయి?"

తెలియదని చెబితే సరిపోయేది. కానీ సబ్బక్కకు ఆ మాట నోట్లోనే లేదు. అటూ ఇటూ చూసి, డాబుగా, "కుక్క బయటికి వెళ్ళకపోతే పురుగు మనిషి బట్టల మీద ఎక్కి లోపలికి వస్తుంది. ఈ ఇంటికి రోజూ వచ్చేవాళ్ళెవరు, వాళ్ళింట్లో కుక్క ఉందా?" అంది.

వంటామె ఇంట్లో కుక్క ఉంది. నల్లోడు అని పిలుస్తారు. ఆ సంగతి అక్కడున్న ముగ్గురికీ తెలుసు.

"మా నల్లోడికి ఒక్క పురుగు ఉన్నా చెవి కోసుకుంటా టీచరుగారూ. మా అత్తయ్య వాణ్ణి రోజూ దువ్వుతుంది" అంది వంటామె నవ్వుతూనే. ఇంకా ఆట అనుకుంటోంది పాపం.

"తేల్చేద్దాం" అంది సబ్బక్క. తెల్ల దుప్పటి ఒకటి తెప్పించి పెరట్లో పరిచింది. వంటామెను దాని మధ్యలో నిలబెట్టి బట్టలు దులుపుకోమంది. టీచరుగారు కళ్ళజోడు పెట్టుకుని వంగి చూస్తోంది. పక్కింటామె గోడ మీదనుంచి తొంగి చూస్తోంది. వంటామె దులుపుకుంది. నవ్వు సగంలో ఆగింది. తెల్లటి దాని మీద నల్లటి చుక్క ఒకటి పడి, చెంగున గెంతింది.

"అదిగో!" అని సబ్బక్క చప్పట్లు కొట్టింది. నిజంగా కొట్టింది. తరువాత ఆమెకు ఏ రోజు ఆ చప్పట్లు గుర్తొచ్చినా రెండు చేతులూ ఎక్కడ దాచుకోవాలో తెలిసేది కాదు.

వంటామె ముఖం కందగడ్డలా అయిపోయింది. వంటింట్లోకి వెళ్ళి పొయ్యి ఆర్పి, తన చేతిసంచి తీసుకుని, పక్కింటామె చూస్తుండగానే గేటు దాటి వెళ్ళిపోయింది. టీచరుగారు రేపటినుంచి రావద్దని చెప్పాల్సిన అవసరం కూడా రాలేదు.

అక్కడితో తీరిపోవాలి కదా. తీరలేదు. మూడు వారాలైనా దొరగారు గోక్కుంటూనే ఉన్నాడు. అదే నెలలో ఇంకో అయిదు ఇళ్ళలో కుక్కలు గోక్కోవడం మొదలుపెట్టాయి. సబ్బక్క వెనకాడలేదు. ఒకచోట పిల్లిని పట్టింది, ఒకచోట పాత పరుపును పట్టింది, ఒకచోట పైవాటాలో అద్దెకున్నవాళ్ళను పట్టింది. తన చీలమండల మీద కూడా ఎర్రటి దద్దుర్లు వచ్చాయి. సబ్బు పడలేదనుకుని కొబ్బరినూనె రాసుకుంది.

చివరికి టీచరుగారు విసిగిపోయి, దొరగారిని సబ్బక్కనే పశువుల డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళమంది. డాక్టరు నడివయసు మనిషి, నిదానస్థుడు. దొరగారి వీపంతా వేళ్ళతో విప్పి చూశాడు.

"పురుగు కాటు ఒంటికి సరిపడకపోవడం వల్ల వచ్చిన దురద ఇది. ఇలాంటి ఒంటికి ఒక్క పురుగు కుట్టినా చాలు, వారాల తరబడి గోక్కుంటుంది. మెడ వెనక చర్మం మీద చుక్కల మందు వేస్తాను, నెలకోసారి తప్పకుండా వెయ్యాలి. పుండ్లకి వేరే మందు. కానీ అమ్మా, కుక్క ఒంటిమీద కనిపించేవి కొన్నే. గుడ్లు జారి కింద పడతాయి. పక్కబట్టల్లో, నేల పగుళ్ళలో, పరుపు కుట్లలో పెరుగుతాయి. అవి పోవాలంటే పడుకునే గుడ్డలు వారం వారం వేడినీళ్ళలో ఉతకాలి, మూలమూలలా ఊడవాలి. మూడు నెలలు ఓపిక పట్టాలి."

"ఇంకో అయిదిళ్ళలో కూడా ఇదే గోల డాక్టరుగారూ" అంది సబ్బక్క.

"అన్నీ ఒకే నెలలోనా? ఆ ఆరిళ్ళకీ ఉమ్మడిగా ఉన్నదేమిటి?"

"ఉమ్మడిగా ఏముంటుంది, నేనొక్కదాన్నే!" అని సబ్బక్క గలగలా నవ్వింది.

డాక్టరు నవ్వలేదు. చేతులు కడుక్కుంటూ, "స్నానం అయ్యాక కుక్కల్ని దేనిమీద పడుకోబెడతారు?" అని మాత్రం అడిగాడు.

దొరగారిని ఇంట్లో దింపి సబ్బక్క తన గదికి ఎలా వచ్చిందో ఆమెకే తెలియదు. తలుపు గడియ వేసుకుంది. కిటికీ కింద ఎండ పడేచోట తెల్లగుడ్డ పరిచి, దాని మీద తన ఉన్ని దుప్పటిని దులిపింది. పొడి రాలింది. నల్లటి పొడి, దానితో పాటు తెల్లగా ఉప్పురవ్వల్లాంటివి, ఇంకా సన్నటి దారప్పోగుల్లా మెలికలు తిరిగేవి. దాని మీద నీళ్ళు చిలకరించింది. గుడ్డంతా తుప్పురంగు దిగింది. ఇంతకాలం ఇంటింటికీ చూపించి గొప్పలు పోయిన పరీక్షే, ఈసారి చూడడానికి ఆమె తప్ప ఎవరూ లేరు.

అప్పుడు గుర్తొచ్చింది. ఆ రోజు వంటామె తెల్ల దుప్పటి మీద నిలబడడానికి అయిదు నిమిషాల ముందు ఈ ఉన్ని దుప్పటిని గుండెలకు ఆనించుకుని మడిచింది. అక్క నడుం నొప్పి పడుతుందని మడిచింది. సబ్బక్కకు తల కొట్టేసినట్టయింది. నేలమీద అలాగే కూర్చుండిపోయింది.

ఆ సాయంత్రమే దుప్పటిని కాల్చి పారేసింది. దువ్వెనలు, తువ్వాళ్ళు, సంచి, అన్నీ ఉడకబెట్టింది. మర్నాడు గుండె రాయి చేసుకుని టీచరుగారింటికి వెళ్ళి, గుమ్మంలోనే నిలబడి, మూడు ముక్కల్లో నిజం చెప్పేసింది. తిడుతుందనుకుంది. గెంటేస్తుందనుకుంది. టీచరుగారు చాలాసేపు కళ్ళజోడు తుడుచుకుంది.

"ఈ సంగతి ఇంకెవరికైనా చెప్పావా?"

"లేదు టీచరుగారూ."

"చెప్పకు. అయిందేదో అయింది. పక్కింటావిడ కళ్ళారా చూసింది. ఇప్పుడు మనం కాదంటే నా పరువేం కాను? కొత్తగా వచ్చిన వంటామె బాగానే చేస్తోంది. దొరగారికి తగ్గితే చాలు. నువ్వు మామూలుగా వస్తూ ఉండు."

సబ్బక్క గేటు దాటి వీధిలోకి వచ్చి గట్టిగా ఊపిరి పీల్చుకుంది. బతికిపోయాను అనుకుంది. ఆ మాట అనుకున్నందుకు పది అడుగులు వేయకముందే సిగ్గేసింది. కానీ వెనక్కి తిరగలేదు. దాచడమెందుకు, నెలరోజులు అలాగే నెట్టుకొచ్చింది. ఆరిళ్ళలోనూ చుక్కల మందు వేయించింది, పక్కబట్టలు తనే తీసుకెళ్ళి ఉడకబెట్టి తెచ్చింది. అందరూ సబ్బక్క ఎంత మంచిదో అన్నారు. ఆ పొగడ్త మొదలవగానే ఆమె సంచి సర్దుకుని బయటపడేది.

దొరగారికి నడుం మీద కొత్త జుట్టు మొలిచింది. ఒకరోజు టీచరుగారింటికి చుట్టాలెవరో వచ్చారు. కుక్క ఎంత బాగా కోలుకుందని మెచ్చుకుంటే టీచరుగారు, "ఏం లేదండీ, మా పాత వంటామె వెళ్ళిపోయింది, దురదా పోయింది. మనుషులు శుభ్రంగా కనిపిస్తారు కానీ ఇళ్ళు ఎలా ఉంటాయో మనకేం తెలుస్తుంది? కదా సబ్బక్కా?" అంది.

అందరూ సబ్బక్క వైపు చూశారు. ఆమె చేతిలో తువ్వాలు ఉంది. తల ఊపింది.

ఒక్కసారే ఊపింది. అయితేనేం? మొదటిసారి చేసింది పొరపాటు. ఇది పొరపాటు కాదు, ఇది తెలిసి చేసింది. ఇంటికి వెళ్ళి అద్దంలో ముఖం చూసుకోవడానికి కూడా ఆమెకు మనసొప్పలేదు. థూ, ఇదా నా బతుకు అనుకుంది. మర్నాడు పొద్దున్నే పనులన్నీ మానేసి వంటామె ఇల్లు వెతుక్కుంటూ బయలుదేరింది.

ఇరుకు సందు. రెండు వరసల ఇళ్ళ గుమ్మాలూ ఒకదాని ముఖం ఒకటి చూసుకుంటున్నాయి. సందు మధ్యలో కుళాయి దగ్గర ఆడవాళ్ళు బిందెలు పెట్టుకుని నిలబడ్డారు. వంటామె తన గుమ్మం ముందు పెద్ద గంగాళంలో దుప్పట్లు ఉడకబెడుతోంది. చిక్కిపోయింది. సబ్బక్కను చూసి గబుక్కున లేచి రెండడుగులు వెనక్కి వేసింది.

"దూరంగా ఉండక్కా. నీకు అంటుకుంటాయేమో" అంది.

సబ్బక్క ఉన్నచోటే ఆగింది.

"నేను తిట్టుకోలేదక్కా" అని వంటామె తల వంచుకుని చెప్పుకుపోయింది. "నువ్వు చెప్పకపోతే నాకు తెలిసేదే కాదు. అప్పటినుంచి వారానికి రెండుసార్లు అన్నీ ఉడకబెడుతున్నా. పరుపు తగలబెట్టేశా. అయినా ఈ సందులో మా గుమ్మం ముందు ఎవరూ కూర్చోరు. రెండిళ్ళలో పని అడిగాను, టీచరుగారి మాట అక్కడికీ వెళ్ళింది. నాకైతే ఇంకా ఒళ్ళంతా ఏదో పాకుతున్నట్టే ఉంటుంది."

"నీ ఒంటిమీద ఏమీ లేవు చెల్లీ" అంది సబ్బక్క. "ఎప్పుడూ లేవు. అవి నావి. నా దుప్పటిలో ఉన్నాయి. నువ్వు మడిచావు కదా, అందులోంచి నీమీదకి ఎక్కాయి. నాకు నెలరోజుల కిందటే తెలిసింది. తెలిసీ నోరు మూసుకున్నా. నిన్న కూడా నీ గురించి అంటుంటే తలూపాను."

వంటామె చేతిలోని కర్రను గంగాళానికి ఆనించి పెట్టింది. అరవలేదు, ఏడవలేదు. సబ్బక్క చెయ్యి పట్టుకుని లోపలి అరుగు మీద కూర్చున్న ముసలామె దగ్గరికి లాక్కెళ్ళింది.

"మా అత్తయ్యకి చెప్పు."

"అమ్మా, ఆ పురుగులు మీ ఇంట్లోవి కావు" అంది సబ్బక్క.

"ఏంటీ?" అంది ముసలామె చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని.

"గట్టిగా చెప్పు. ఆమెకి వినపడదు" అంది వంటామె.

సబ్బక్క గొంతు పెంచింది. ముసలామె మళ్ళీ ఏంటీ అంది. కుళాయి దగ్గర బిందెల చప్పుడు ఆగింది. సబ్బక్క ఒకసారి సందువైపు చూసింది, ఇక తప్పదని కళ్ళు మూసుకుని అరిచింది.

"పురుగులు నావమ్మా! నా దుప్పట్లోవి! మీ కోడలి తప్పేం లేదు! అందరిముందు నిలబెట్టి ఆమె పరువు తీశాను! తెలిశాక కూడా చెప్పలేదు!"

ఈసారి ముసలామెకు వినబడింది. సందంతటికీ వినబడింది. ఎదురింటి తలుపులో ఒక తల కనిపించింది, కుళాయి దగ్గర ఎవరో "ఛీ" అన్నారు. సబ్బక్కకు చెవుల్లోంచి ఆవిర్లు వస్తున్నాయి. అయినా కదలకుండా నిలబడింది. ముసలామె మాత్రం సందునూ పట్టించుకోలేదు, కోడలినీ చూడలేదు.

"అయితే మా నల్లోడికి పురుగుల్లేవా?"

"లేవమ్మా!"

"ఒక్కటీ?"

"ఒక్కటి కూడా లేదు!"

సబ్బక్క అప్పుడు చుట్టూ చూసింది. ఇంట్లో కుక్క లేదు. గిన్నె లేదు, గొలుసు లేదు.

"ఆ రోజు మా కోడలు ఏడ్చుకుంటూ వచ్చింది" అంది ముసలామె. చెవిటివాళ్ళ అలవాటు ప్రకారం బిగ్గరగానే అంది. "వాడివల్లే పని పోయిందని, తెల్లారగానే నేనే తీసుకెళ్ళి ఇటుకబట్టీల రోడ్డు దాటించి వదిలేశా. వాడు నా వెనకాలే వచ్చేశాడమ్మాయ్. ఆట అనుకున్నాడు. మూడుసార్లు అలాగే వచ్చాడు. నాలుగోసారి రాయి పెట్టి కొట్టా. కాలికి తగిలింది. అప్పుడు ఆగిపోయాడు."

ముసలామె అరుగు దిగి కాళ్ళతో చెప్పుల కోసం తడుముకుంది. కోడలు వద్దనలేదు. గంగాళం కింద మంట తీసేసి తనూ వచ్చింది.

ముగ్గురూ ఇటుకబట్టీల రోడ్డంతా తిరిగారు. ముసలామె ప్రతి మలుపులోనూ నిలబడి నల్లోడా, నల్లోడా అని పిలిచేది. ఎవరైనా ఆగి ఏం వెతుకుతున్నారని అడిగితే, సబ్బక్క వైపు ఒకసారి చూసి, "మా కుక్క తప్పిపోయిందయ్యా" అనేది. రెండుచోట్ల అలాగే అంది. మూడోచోట బట్టీ కాపలాదారు, ఎలా తప్పిపోయింది, గొలుసు తెంపుకుందా అని అడిగాడు.

"తప్పిపోలేదు" అంది సబ్బక్క. "నేను వీళ్ళమీద లేనిపోని నింద వేశాను. అది నమ్మి వదిలేసుకున్నారు."

కుంటుతూ తిరిగే నల్లకుక్క ఒకటి కొన్నాళ్ళు బట్టీ వెనక కనిపించిందని, ఈ మధ్య కనిపించడం లేదని కాపలాదారు చెప్పాడు.

"ఏమంటున్నాడు?" అంది ముసలామె కోడలి చెయ్యి పట్టుకుని.

వంటామె సబ్బక్క వైపు చూడలేదు. అత్తగారి చెవి దగ్గరకు వంగి, "చూశాడంట అత్తయ్యా. ఈ పక్కనే ఉంటాడంట" అని చెప్పింది. ముసలామె ముఖం విప్పారింది. ఇంకా గట్టిగా పిలుస్తూ ముందుకు నడిచింది, మిగిలిన ఇద్దరూ ఆమె వెనకే వెళ్ళారు.